సముద్రం అడుగున ఏముందో చూసే హక్కు అందరిదీ

2025 జూలై నెలాఖరు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే అర్జెంటీనాలో జనం ఫోన్లకు, టీవీలకు అతుక్కుపోయారు. తెర మీద మ్యాచ్ లేదు, సీరియల్ లేదు. ఉన్నదల్లా చిమ్మచీకటి, ఆ చీకట్లో ఒక లైటు, ఆ వెలుగులో బురద నేల, నేల మీద మెల్లగా కదిలే ఏవో ప్రాణులు. వెనక నుంచి నలుగురైదుగురు శాస్త్రవేత్తలు స్పానిష్‌లో మాట్లాడుకుంటున్న గొంతులు. ఒకరు ఆశ్చర్యపోతారు, ఇంకొకరు నవ్వుతారు, మరొకరు ఆ జీవి పేరేమిటో చెబుతారు. ఒక్కోసారి "ఇదేంటో మాకూ తెలీదు" అనేస్తారు.

దీన్ని ఒకే సమయంలో 80 వేల మందికి పైగా చూసిన సందర్భాలున్నాయి. మొత్తం మీద వీక్షణలు కోటి దాటాయి. పిల్లలు తాము చూసిన జీవుల బొమ్మలు గీశారు. బొద్దుగా ఉన్న ఒక నక్షత్ర చేప కార్టూన్‌లోని పాట్రిక్‌లా ఉందని దేశమంతా నవ్వుకుంది. చిలగడదుంపలా గులాబీ రంగులో ఉన్న ఒక సముద్ర దోసకాయకు జనమే ముద్దుపేరు పెట్టేశారు.

సముద్రం లోతుల గురించిన ఒక శాస్త్ర పరిశోధన ఇంతమంది ఇళ్లలోకి ఎలా వచ్చింది? అసలు అంత లోతు నుంచి దృశ్యాలు పైకి ఎలా వస్తాయి? వాటిని జనానికి చూపించడం వల్ల ఒరిగేదేమిటి? మన దేశం ఈ విషయంలో ఎక్కడుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

అర్జెంటీనాలో జరిగిందేమిటి?

అర్జెంటీనా తీరంలో మార్ దెల్ ప్లాతా అనే నగరం ఉంది. అక్కడి నుంచి సముద్రంలోకి దాదాపు 300 కిలోమీటర్లు వెళితే నీటి అడుగున ఒక పెద్ద లోయ వస్తుంది. బ్రెజిల్ వైపు నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం, దక్షిణం నుంచి వచ్చే చల్లని ప్రవాహం కలిసేది ఆ ప్రాంతంలోనే. రెండు నీళ్లు కలిసే చోట ఆహారం ఎక్కువ దొరుకుతుంది, అందుకే జీవులూ ఎక్కువ.

అర్జెంటీనా జాతీయ పరిశోధన సంస్థ కోనిసెట్‌కు చెందిన శాస్త్రవేత్తలు ఆ లోయ అధ్యయనానికి 2012, 2013లలోనే వెళ్లారు. కానీ అప్పుడు వాళ్ల దగ్గర ఉన్నవి వలలు. వలను కిందికి దించి, లాగి, పైకి తీసేసరికి మెత్తని జీవులు చితికిపోయి, రంగు మారి ఉండేవి. అవి బతికున్నప్పుడు ఎలా ఉంటాయో, ఎలా కదులుతాయో, దేని పక్కన ఉంటాయో తెలిసే దారి లేదు.

పన్నెండేళ్ల తర్వాత ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ అనే స్వచ్ఛంద సంస్థ తన 'ఫాల్కర్ టూ' ఓడను, 'సూబాస్టియన్' అనే రోబోను వాళ్లకు ఇచ్చింది. జూలై 23 నుంచి ఆగస్టు 10 వరకు సాగిన ఈ యాత్రలో రోబో దాదాపు 3,900 మీటర్ల లోతు దాకా వెళ్లింది. శాస్త్రానికి కొత్తవి అనిపించే జీవులు 40కి పైగా కనిపించాయని బృందం చెప్పింది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. అదే సమయంలో అర్జెంటీనాలో ప్రభుత్వం పరిశోధనలకు ఇచ్చే నిధుల్లో కోతలు పెడుతోందని శాస్త్రవేత్తలు ఆందోళనలో ఉన్నారు. "వీళ్లకు జీతాలెందుకు? వీళ్లు చేసే పనేంటి?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్నకు శాస్త్రవేత్తలు ఉపన్యాసంతో జవాబు చెప్పలేదు. తాము చేసే పనిని జనం కళ్ల ముందు పెట్టారు.

అంత లోతు నుంచి వీడియో ఎలా వస్తుంది?

చంద్రుడి మీది నుంచి వీడియో వస్తోంది కదా, సముద్రం నుంచి రావడం ఏమంత కష్టం అనిపించవచ్చు. నిజానికి కష్టమే. అడ్డంకులు మూడు.

మొదటిది ఒత్తిడి. నీటిలో ప్రతి 10 మీటర్లకూ మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి సమానమైన ఒత్తిడి అదనంగా చేరుతుంది. 4,000 మీటర్ల లోతులో అది 400 రెట్లు. అంటే చిటికెన వేలి గోరంత చోటు మీద నాలుగు క్వింటాళ్ల బరువు మోపినట్టు. మామూలు కెమెరా అక్కడ నలిగిపోతుంది. అందుకే కెమెరాలను మందపాటి లోహపు గొట్టాల్లో, గట్టి అద్దాల వెనక బిగిస్తారు.

రెండోది చీకటి. 200 మీటర్లు దాటితే సూర్యకాంతి బాగా సన్నగిల్లుతుంది. 1,000 మీటర్ల తర్వాత అసలు ఉండదు. చూడాలంటే వెలుగును వెంట తీసుకెళ్లాల్సిందే. ఆ వెలుగు కూడా నీటిలో ఎంతో దూరం పోదు. కొన్ని మీటర్ల మేర మాత్రమే కనిపిస్తుంది. టార్చిలైటు పట్టుకుని అమావాస్య రాత్రి ఒక జిల్లా అంతా వెతకడం లాంటి పని ఇది.

మూడోది సిగ్నల్. మన ఫోన్లు, టీవీలు వాడే రేడియో తరంగాలు సముద్రపు నీటిలో కాస్త దూరం కూడా పోలేవు. అందుకే రోబోను ఓడకు తీగతో కట్టి దింపుతారు. కిలోమీటర్ల పొడవుండే ఆ తీగలో కరెంటూ పోతుంది, సన్నని గాజు పోగుల ద్వారా వీడియో కూడా పైకి వస్తుంది. ఓడలో ఒక చీకటి గదిలో తెరల ముందు కూర్చున్న పైలట్లు చేతి మీటలతో ఆ రోబోను నడుపుతారు. దానికి ముందుకూ వెనక్కీ తిప్పే చిన్న ఫ్యాన్లు, రాళ్లను, జీవులను సున్నితంగా పట్టుకునే లోహపు చేతులు ఉంటాయి.

ఓడ దాకా వచ్చిన దృశ్యం అక్కడి నుంచి ఉపగ్రహం ద్వారా నేల మీదికి, ఆ తర్వాత ఇంటర్నెట్‌లోకి చేరుతుంది. రోబో కెమెరా చూసిన దృశ్యం కొద్ది సెకన్ల ఆలస్యంతో మన చేతిలోని ఫోన్‌లో కనిపిస్తుంది.

ఈ ఏర్పాటు కేవలం ప్రేక్షకుల కోసం పుట్టలేదు. ఓడలో పడకలు కొన్నే ఉంటాయి. పగడాల నిపుణుడు, చేపల నిపుణుడు, రాళ్ల నిపుణుడు అందరూ ఎక్కలేరు. దృశ్యం ఒడ్డుకు చేరితే, వేరే దేశంలో ఉన్న నిపుణురాలు కూడా తన గదిలో కూర్చుని "అక్కడ కాసేపు ఆగండి, ఆ ఎడమ వైపు ఉన్నదాన్ని దగ్గరగా చూపించండి" అని చెప్పగలదు. 2010లో అమెరికా ఓడ 'ఓకియానోస్ ఎక్స్‌ప్లోరర్' ఇండోనేషియా ఓడ 'బరునా జయ'తో కలిసి ఇండోనేషియా సముద్రాన్ని పరిశోధించినప్పుడు, జకార్తాలో ఉన్న శాస్త్రవేత్తలూ అమెరికాలోని సియాటెల్‌లో ఉన్నవాళ్లూ ఒకే దృశ్యాన్ని అదే క్షణంలో చూస్తూ పని చేశారు. కవియో బరత్ అనే సముద్రగర్భ అగ్నిపర్వతాన్ని అలా కలిసే చూశారు. శాస్త్రవేత్తల కోసం వేసిన దారే తర్వాత జనానికీ తెరుచుకుంది.

50 సంపుటాల నుంచి రేడియో దాకా

మొదట్లో సముద్ర పరిశోధన ఫలితాలు జనానికి చేరేవి కావు. 1872 డిసెంబరులో ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన 'ఛాలెంజర్' ఓడ మూడున్నరేళ్లు ప్రపంచం చుట్టి 1876 మేలో తిరిగి వచ్చింది. ఆధునిక సముద్ర శాస్త్రం దానితోనే మొదలైందని చెబుతారు. అది తెచ్చిన జీవుల్లో సుమారు 4,700 శాస్త్రానికి కొత్తవి. ఆ ఫలితాలు 50 సంపుటాలుగా అచ్చు కావడానికి 1895 దాకా పట్టింది. అవి అమూల్యమైన పుస్తకాలే, కానీ చదవగలిగింది ఎందరు?

మన బంగాళాఖాతంలోనూ ఆ కాలంలోనే పని జరిగింది. 'ఇన్వెస్టిగేటర్' అనే సర్వే ఓడ విశాఖ తీరం, గోదావరి ముఖద్వారం వంటి చోట్ల లోతు నుంచి జీవులను పైకి తీసింది. ఆ ఓడలో పని చేసిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ ఆల్‌కాక్ 1902లో తన అనుభవాలను మామూలు పాఠకులకు అర్థమయ్యేలా పుస్తకంగా రాశాడు. అయితే అది ఇంగ్లీషులో. విశాఖ తీరంలో వల వేసే మత్స్యకారుడికి, తన పడవ కింద దొరికినదేమిటో చెప్పినవాళ్లు లేరు.

జనాన్ని లోతుల్లోకి వెంట తీసుకెళ్లిన మొదటివాళ్లలో విలియం బీబ్ ఒకడు. ఒటిస్ బార్టన్ అనే ఇంజినీరుతో కలిసి బెర్ముడా దగ్గర ఒక ఉక్కు గోళంలో కూర్చుని సముద్రంలోకి దిగేవాడు. గోళం వ్యాసం మీటరున్నర కూడా లేదు, ఇద్దరూ ముడుచుకుని కూర్చోవాలి. కిటికీలోంచి తాను చూసినదాన్ని టెలిఫోను తీగ ద్వారా పైకి చెబుతుంటే, ఓడ మీద గ్లోరియా హాలిస్టర్ అనే శాస్త్రవేత్త రాసుకునేది. 1932 సెప్టెంబరు 22న ఆ మాటలను రేడియోలో నేరుగా ప్రసారం చేశారు. అమెరికా, బ్రిటన్ శ్రోతలు తమ ఇళ్లలో కూర్చుని, వందల మీటర్ల లోతులో ఉన్న మనిషి గొంతు విన్నారు. 1934లో బీబ్, బార్టన్ 923 మీటర్ల లోతుకు చేరారు. నేటి ప్రత్యక్ష ప్రసారాలకు ఆ రేడియో కార్యక్రమమే పూర్వీకురాలు.

ఈజిప్టు ఓడ, ఆధునిక సింద్‌బాద్

ఈ చరిత్రలో మన పిల్లలకు తప్పక చెప్పాల్సిన పేరు ఒకటుంది. అది 'మబాహిస్'. అరబీలో ఈ మాటకు అన్వేషణలు, పరిశోధనలు అని అర్థం. ఉర్దూలో మనం వాడే 'బహస్' కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే.

మబాహిస్ ఈజిప్టు ప్రభుత్వ పరిశోధన ఓడ. పొడవు 42 మీటర్లే. 1933 సెప్టెంబరులో అలెగ్జాండ్రియా రేవు నుంచి బయల్దేరి, ఎర్ర సముద్రం దాటి, అరేబియా సముద్రంలోనూ హిందూ మహాసముద్రంలోనూ తిరిగి, 1934 మేలో ఇల్లు చేరింది. యాత్రకు నాయకుడు సేమూర్ సూవెల్. అంతకుముందు మన దేశంలో జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు డైరెక్టరుగా పని చేసినవాడు. ఓడ సిబ్బందిలో ఎక్కువ మంది ఈజిప్టువాళ్లు. శాస్త్రవేత్తల్లోనూ ఇద్దరు ఈజిప్టువాళ్లున్నారు. రసాయన పరీక్షలు చేసిన అబ్దుల్ ఫత్తాహ్ ముహమ్మద్ ఒకరు, ఓడ డాక్టరూ జీవశాస్త్రవేత్తా అయిన హుసేన్ ఫౌజీ మరొకరు.

అరేబియా సముద్రం అడుగున ఉన్న పర్వత శ్రేణుల రూపం ఈ యాత్రతో స్పష్టపడింది. ఆ సముద్రం మధ్య లోతుల్లో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండే పెద్ద పొర ఉందని కూడా తేలింది. ఆ పొర మీద నేటికీ పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి.

హుసేన్ ఫౌజీ పరిశోధన పత్రాలతో ఊరుకోలేదు. తిరిగి వచ్చాక అరబీలో మామూలు జనం కోసం ఒక యాత్రా పుస్తకం రాశాడు. దానికి 'సింద్‌బాద్ అస్రీ' అని పేరు పెట్టాడు, అంటే ఈ కాలపు సింద్‌బాద్ అని. నానీ, దాదీల నోట సింద్‌బాద్ కథలు విన్న ఏ పిల్లవాడికైనా ఆ పేరు వింటే చాలు, పుస్తకం తెరవాలనిపిస్తుంది. కొత్త శాస్త్రాన్ని తన జనానికి తెలిసిన కథ పేరుతో, తన జనం భాషలో చెప్పడమే ఆయన చేసిన పని. అర్జెంటీనా శాస్త్రవేత్తలు 2025లో స్పానిష్‌లో మాట్లాడుతూ చేసిందీ దాదాపు అదే.

టెలివిజన్ రోజులు వచ్చాక రాబర్ట్ బల్లార్డ్ ఇంకో అడుగు వేశాడు. 1985లో ఆయన బృందం టైటానిక్ శిథిలాలను కనుగొన్నాక వేల మంది బడి పిల్లలు ఆయనకు ఉత్తరాలు రాశారు. మళ్లీ వెళ్లేటప్పుడు మమ్మల్నీ తీసుకెళ్లండి అన్నదే వాటి సారాంశం. అందర్నీ ఓడ ఎక్కించలేడు కాబట్టి, 1989లో 'జేసన్ ప్రాజెక్ట్' మొదలుపెట్టి సముద్రం అడుగు నుంచి దృశ్యాలను నేరుగా పిల్లల ముందుకు పంపాడు. ఇప్పుడు ఆయన సంస్థ ఓడ 'నాటిలస్' తన రోబో దిగిన ప్రతిసారీ ఇంటర్నెట్‌లో ప్రసారం చేస్తోంది. చూసేవాళ్లు ప్రశ్నలు పంపితే ఓడలోని శాస్త్రవేత్తలు పని చేస్తూనే జవాబులిస్తారు.

జనం చూస్తే శాస్త్రానికి ఏం లాభం?

2018 అక్టోబరులో కాలిఫోర్నియా తీరానికి దూరంగా, డేవిడ్‌సన్ అనే సముద్రగర్భ పర్వతం దగ్గర నాటిలస్ రోబోకు వింత దృశ్యం కనిపించింది. దాదాపు 3,200 మీటర్ల లోతులో, రాళ్ల సందుల్లో వందల కొద్దీ ఆక్టోపస్‌లు తలకిందులుగా కూర్చుని గుడ్లు పొదుగుతున్నాయి. వాటి చుట్టూ నీరు ఎండాకాలం రోడ్డు మీది ఆవిరిలా మిలమిలలాడుతోంది. ఆ తర్వాత పరిశోధకులు మళ్లీ మళ్లీ వెళ్లి కారణం కనుక్కున్నారు. చుట్టుపక్కల నీరు 1.6 డిగ్రీల చల్లదనంలో ఉంటే, ఆ రాళ్ల సందుల్లోంచి వచ్చే నీరు 10 డిగ్రీల దాకా వెచ్చగా ఉంది. అంత చలిలో గుడ్లు పిగలడానికి ఐదారేళ్లో, అంతకంటే ఎక్కువో పట్టాలి. ఈ వెచ్చదనం వల్ల రెండేళ్ల లోపే పిగులుతున్నాయి. పిల్లల కోసం తిండి మాని కాపలా కాసే తల్లికి, ఆ తేడా చావు బతుకుల తేడా.

2025 మార్చిలో దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర సూబాస్టియన్ కెమెరాకు 600 మీటర్ల లోతులో 30 సెంటీమీటర్ల గాజులాంటి స్క్విడ్ పిల్ల చిక్కింది. అది 'కొలోసల్ స్క్విడ్' పిల్ల అని తర్వాత నిపుణులు ధ్రువీకరించారు. పెద్దయితే ఏడు మీటర్ల దాకా పెరగగలదని అంచనా వేసే జీవి అది. ఆ జాతికి శాస్త్రీయ నామం పెట్టింది 1925లో. నూరేళ్లుగా తిమింగలాల పొట్టల్లో ముక్కలుగా, వలల్లో చచ్చి దొరికిన జీవిని, అది ఉండే చోటే ప్రాణాలతో చూడటం అదే మొదటిసారి.

అయితే ఒక విషయంలో జాగ్రత్త పడాలి. తెర మీద వింత జీవి కనిపించగానే "కొత్త జాతి దొరికింది" అని వాట్సాప్‌లో ప్రచారం మొదలవుతుంది. వాస్తవం అంత తేలిక కాదు. నమూనాను పైకి తేవాలి, మ్యూజియాల్లో ఉన్న పాత నమూనాలతో పోల్చాలి, డీఎన్‌ఏ చూడాలి, వివరంగా రాసి తోటి నిపుణుల పరిశీలనకు పెట్టాలి. దీనికి ఏళ్లు పడుతుంది. 2016లో హవాయి దగ్గర 4,290 మీటర్ల లోతులో కనిపించిన తెల్లని ఆక్టోపస్‌కు జనం కార్టూన్ దెయ్యం పేరు మీద 'కాస్పర్' అని ఒక్క రోజులో పేరు పెట్టారు. అది ముద్దుపేరే గానీ శాస్త్రీయ నామం కాదు.

ఇప్పుడు కృత్రిమ మేధతో తయారైన దొంగ వీడియోలు కూడా బోలెడు. అసలైన పరిశోధన వీడియోలో సాధారణంగా ఓడ పేరు, లోతు, తేదీ వంటి వివరాలు దొరుకుతాయి. చాలాసార్లు జీవి పక్కన రెండు చిన్న లేజర్ చుక్కలు కనిపిస్తాయి. ఆ రెంటి మధ్య దూరం ఎక్కువగా 10 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని బట్టే శాస్త్రవేత్తలు జీవి సైజు కొలుస్తారు. ఎవరు తీశారో, ఎక్కడ తీశారో లేకుండా ఒళ్లు జలదరించే సంగీతంతో వచ్చిన వీడియోను గ్రూపులోకి పంపే ముందు ఒక్క క్షణం ఆగడం మంచిది.

అందరి మీరాస్, అందరికీ తెలియాలి

భూమి ఉపరితలంలో దాదాపు 66 శాతం, 200 మీటర్ల కంటే లోతైన సముద్రమే. అందులో మనిషి కంటితోనో కెమెరాతోనో చూసింది ఎంత? 2025లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం 0.001 శాతం కూడా లేదు. విస్తీర్ణంలో చెప్పాలంటే 3,823 చదరపు కిలోమీటర్లు. మన పాత కృష్ణా జిల్లాలో సగం కూడా కాదు. అందులోనూ మూడింట రెండొంతులు అమెరికా, జపాన్, న్యూజిలాండ్ తీరాలకు 200 నాటికల్ మైళ్ల లోపలే. మిగతా దేశాల సముద్రాలు దాదాపు చూడని పుస్తకాలే.

ఇది కేవలం కుతూహలానికి సంబంధించిన లెక్క కాదు. సముద్రం అడుగున నికెల్, కోబాల్ట్, రాగి, మాంగనీసు ఉన్న గడ్డలు బంగాళాదుంపల్లా పరుచుకుని ఉన్నాయి. ఫోన్లకు, కరెంటు బండ్ల బ్యాటరీలకు ఆ లోహాలు కావాలి. వాటిని తవ్వుకోవాలని చాలా దేశాలు, కంపెనీలు చూస్తున్నాయి. హిందూ మహాసముద్రం మధ్యలో 75,000 చదరపు కిలోమీటర్లలో ఆ గడ్డల అన్వేషణకు 2002 నుంచి భారతదేశానికి ఒప్పందం ఉంది. ఆ గడ్డ కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికి పది లక్షల ఏళ్లు పడుతుంది. పసిఫిక్‌లో 1979లో ఒక తవ్వకం యంత్రాన్ని ప్రయోగాత్మకంగా నడిపిన చోటికి, 40 ఏళ్లు దాటాక మళ్లీ వెళ్లి చూస్తే, దాని చాళ్లు అలాగే ఉన్నాయి. కొన్ని జీవులు తిరిగి వచ్చాయి, కొన్ని ఇంకా రాలేదు.

దేశాల పరిధి దాటిన సముద్రగర్భం మానవాళి ఉమ్మడి వారసత్వం అని అంతర్జాతీయ సముద్ర చట్టం చెబుతోంది. దాని వ్యవహారాలు చూసే సంస్థ జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉంది. ఉమ్మడి వారసత్వం అంటే మన ఇళ్లలో అందరికీ తెలిసిన మాట, మీరాస్. ఇంటి పెద్ద పోయాక ఆస్తి పంపకం జరిగేటప్పుడు ఎంత భూమి ఉంది, ఎంత సొమ్ము ఉంది, ఎంత అప్పుంది అన్నది వారసులందరికీ చెప్పాలి. చెప్పకుండా ఒకరిద్దరు గదిలో కూర్చుని తేల్చేస్తే దాన్ని న్యాయమని ఎవరూ అనరు. సముద్రగర్భం విషయంలోనూ అంతే. తవ్వాలా, ఆపాలా, ఎంత తవ్వాలి అన్నదానిపై భిన్నాభిప్రాయాలు ఉండొచ్చు. లోహాలు అవసరమే అనేవాళ్ల వాదనలోనూ బలముంది. కానీ అక్కడ ఏముందో వారసులు చూడకముందే నిర్ణయం జరిగిపోకూడదు. పరిశోధన ఫలితాలను జనానికి చూపించడం దయతో చేసే పని కాదని, బాధ్యత అని అనేది అందుకే.

మన దేశం ఎక్కడుంది?

కేంద్ర ప్రభుత్వం 2021లో 4,077 కోట్ల రూపాయల అంచనాతో 'డీప్ ఓషన్ మిషన్'కు ఆమోదం ఇచ్చింది. అందులో అందరి దృష్టిలో ఉన్నది 'మత్స్య 6000'. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారు చేస్తున్న ఈ జలాంతర వాహనం ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లేలా రూపొందుతోంది. మనుషులు కూర్చునే టైటానియం గోళం వ్యాసం 2.1 మీటర్లు, గోడ మందం 80 మిల్లీమీటర్లు. 2025 ఆరంభంలో చెన్నై దగ్గరి కాట్టుపల్లి రేవులో దానికి నీటి పరీక్షలు జరిగాయి. అదే ఏడాది ఆగస్టులో శిక్షణలో భాగంగా ఫ్రాన్స్ వారి 'నాటీల్' వాహనంలో ఇద్దరు భారతీయులు అట్లాంటిక్‌లో దిగారు. రాజు రమేశ్ 4,025 మీటర్లకు, జతీందర్ పాల్ సింగ్ 5,002 మీటర్లకు చేరారు.

2024 చివర్లో 'సాగర్ నిధి' ఓడ నుంచి దించిన స్వయంచాలిత వాహనం, హిందూ మహాసముద్రంలో దాదాపు 4,500 మీటర్ల లోతున పొగలా నీళ్లు చిమ్మే ఒక వేడి ఊటను ఫొటో తీసింది. ఇలాంటి ఊటలను మనిషి మొదట చూసింది 1977లో, పసిఫిక్‌లోని గలాపగోస్ దగ్గర. అక్కడికి వెళ్లిన బృందంలో జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. రాళ్ల కోసం వెళ్లినవాళ్లకు ఎండ సోకని చోట, రసాయనాల మీద ఆధారపడి బతికే జీవుల లోకం కనిపించింది. భూమ్మీద ప్రాణానికి సూర్యుడే ఆధారం అన్న పాఠాన్ని ఆ తర్వాత సవరించుకోవాల్సి వచ్చింది.

తెలుగు నేలకూ దీనితో పాత బంధమే ఉంది. 1950లలో అమెరికా శాస్త్రవేత్త లాఫాండ్ విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి సముద్ర శాస్త్రం చదువుకు పునాది వేయడంలో తోడ్పడ్డాడు. మన తూర్పు తీరం దగ్గర నీటి అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అనే పేర్లు ఆ రోజుల్లో వచ్చినవే. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయంలోని భూగర్భ శాస్త్ర ఆచార్యుడు. బీచ్‌లో నిలబడి అలలను చూసే ఎంతమందికి, ఆ అలల అవతల తెలుగు పేర్లున్న లోయలు ఉన్నాయని తెలుసు?

సముద్రం లేని హైదరాబాద్‌లో సముద్ర సమాచార సంస్థ 'ఇన్‌కాయిస్' ఉంది. 2004 సునామీ తర్వాత ఏర్పాటైన హెచ్చరిక కేంద్రం 2007 నుంచి అక్కడే పని చేస్తోంది. చేపలు ఎక్కువగా దొరికే చోట్లను ఉపగ్రహ సమాచారంతో అంచనా వేసి మత్స్యకారులకు తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో చెబుతున్నదీ ఆ సంస్థే. రేవుల్లో ఎలక్ట్రానిక్ బోర్డుల మీద, ఫోన్లలో ఆ సమాచారం వస్తుంది. సముద్ర శాస్త్రాన్ని తెలుగులో చెప్పడం కుదరదనే వాదనకు ఇంతకంటే జవాబేం కావాలి?

ఇక మిగిలింది లోతు సముద్రం. మత్స్య 6000 దిగే రోజున, కిటికీలోంచి కనిపించేది కర్నూలులో బడికి వెళ్లే అమ్మాయికీ, ఓల్డ్ సిటీలో మదర్సా చదువుతో పాటు సైన్స్ కూడా చదివే అబ్బాయికీ చేరాలి. వాళ్లకు అర్థమయ్యే మాటల్లో, తెలుగులోనో ఉర్దూలోనో చేరాలి. ఫొటో ఒకటి, నాయకుల అభినందనలు నాలుగు వస్తే సరిపోదు. వెళ్లినవాళ్లు ఏం చూశారో, ఏం అర్థం కాలేదో కూడా చెప్పాలి.

ఇంట్లో ఏం చేయవచ్చు?

నాటిలస్, ఓకియానోస్ ఎక్స్‌ప్లోరర్, ఫాల్కర్ టూ ఓడల ప్రసారాలు యూట్యూబ్‌లో ఉచితం. యాత్రలు సాగే రోజుల్లో ప్రత్యక్షంగా, మిగతా రోజుల్లో పాత వీడియోలుగా చూడవచ్చు. మాటలు ఇంగ్లీషులోనో స్పానిష్‌లోనో ఉంటాయి. అయినా పిల్లల పక్కన పెద్దవాళ్లు కూర్చుంటే సగం పని అయినట్టే. తెర మూలలో కనిపించే లోతు అంకెను పదితో భాగించమనండి, ఒత్తిడి ఎన్ని రెట్లో వాళ్లే చెబుతారు. చూసిన జీవి బొమ్మ గీయమనండి. పేరు తెలియకపోతే వాళ్లనే ఒక పేరు పెట్టమనండి.

సైన్స్ మీద ఇష్టం ఉన్న ఇంటర్ పిల్లలకు డాక్టరు, ఇంజినీరు తప్ప వేరే దారి లేదనుకోవద్దు. సముద్ర శాస్త్రం, సముద్ర జీవశాస్త్రం, రోబోల తయారీ, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, చివరికి లోతుల బొమ్మలు గీసే చిత్రకళ కూడా ఈ రంగంలో అవసరమే. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది, చెన్నై, గోవా, కొచ్చిల్లో జాతీయ సంస్థలున్నాయి. ఆడపిల్లలకూ ఈ దారి కొత్తది కాదు. బీబ్ మాటలు రాసుకున్న గ్లోరియా హాలిస్టర్ కూడా అదే గోళంలో లోతుకు దిగిన శాస్త్రవేత్త.

సముద్రగర్భం గురించి రాబోయే ఇరవై ఏళ్లలో తీసుకునే నిర్ణయాల ఫలితం అనుభవించేది ఇప్పుడు బడిలో ఉన్న పిల్లలే. ఆస్తి వాళ్లది. అందులో ఏముందో వాళ్లు ఇప్పటి నుంచే చూడటం మొదలుపెట్టాలి.